మాట నేర్చిన గుమ్మం

ఇన్‌ఛార్జి సిస్టర్ కృపావతికి నాలుగు నెలలుగా ఒకటే దిగులు. సముద్రం ఒడ్డున ఆవిడ పట్టుబట్టి తెరిపించిన ఆరోగ్య కేంద్రంలో గుమ్మం దాటితే చాలు, ఒంట్లో ఉన్న జబ్బేదో ఆ గుమ్మమే చెప్పేస్తుంది. మందులు ఉచితం. అయినా జాలరిపేట నుంచి ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి తొంగిచూడరు, రాబోయేవాళ్ళనీ రానివ్వరు. షుగరున్నవాళ్ళు మందులు మధ్యలోనే ఆపేశారు. ఇంకో నెల చూసి కేంద్రాన్ని ఎత్తేస్తామని పైనుంచి కబురు కూడా వచ్చింది.

చివరికి ఆవిడే పేటకి వెళ్ళి, చేపలు ఎండబెడుతున్న వరహాలమ్మని పట్టుకుంది.

"ఏం పిన్నీ, మా వైద్యం బాగోలేదా?"

"వైద్యానికేటి సిస్టరమ్మా, బంగారం! ఆ గుమ్మం నోరే మంచిది కాదు. మందు పట్టుకుని బయటికొస్తుంటే 'మళ్ళీ రండి' అంటాది. అదేమైనా పేరంటమేటి? ఆసుపత్రికి మళ్ళీ రమ్మని ఎవులైనా పిలుస్తారా?"

కృపావతి నాలిక కరుచుకుంది. మర్యాదగా ఉంటుందని ఆ మాట నేర్పింది తనే మరి! తిరిగి వెళ్ళీ వెళ్ళగానే గుమ్మం ముందు నిలబడి కొత్త మాట వల్లె వేయించింది. మర్నాడు వరహాలమ్మని బతిమాలి తీసుకొచ్చింది.

వరహాలమ్మ మోకాళ్ళ నొప్పికి మందు పుచ్చుకుని, భయంభయంగానే బయటికి నడిచింది.

"మళ్ళీ ఈ గుమ్మం తొక్కకమ్మా," అంది గుమ్మం మెత్తగా.

వరహాలమ్మ మొహం విప్పారింది. గుమ్మాన్ని రెండు చేతులా తడిమి మెటికలు విరిచింది.

"నీ నోట్లో పంచదార పొయ్యా! రేపు మా తోటికోడల్ని తెస్తాను. దాన్నీ ఇలాగే తరిమేయాల!"