బెత్తెడు జుట్టు

“ఇంక కత్తిరించడానికి ఏం మిగిలిందండీ?” అంది చిట్టి, దువ్వెన చేతిలో పట్టుకుని.

కుర్చీలో కూర్చున్న పెద్దావిడ అద్దంలోంచి నవ్వింది.

“ఉన్నంతలోనే కత్తిరించమ్మా.”

ఉన్నదెంతని? చెవుల దాకా.

ఆవిడ ఈ పార్లర్‌కి మొదటిసారి వచ్చినప్పుడు జడ మోకాళ్లు దాటి ఉండేది. దాని చివర చిన్నపిల్లలు కట్టుకునే ఎర్ర రిబ్బను. అలాంటి జడ మీద కత్తెర వెయ్యాలంటే చిట్టికి చేతులాడలేదు.

“బెత్తెడు చాలు” అందావిడ.

మరుసటి వారం మళ్లీ వచ్చింది. మళ్లీ బెత్తెడు. అలా వారం వారం వచ్చి ఆ జడనంతా ఈ గచ్చు మీదే పోగొట్టుకుంది. జడ పోయాక రిబ్బను గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది. చిట్టి తప్ప ఇంకెవరు దువ్వెన పట్టుకున్నా ఒప్పుకునేది కాదు.

పార్లర్ పిల్లలు ఊరుకుంటారా? ‘బెత్తెడమ్మ’ అని పేరు పెట్టేశారు.

జుట్టు సంగతి సరే, చిక్కంతా ఆవిడ నోటితోనే. మొదట్లో ఎండ గురించీ వాన గురించీ మాట్లాడేది. తర్వాత మెల్లిగా చిట్టి కాపురంలోకి దిగింది. చిట్టి కూడా తక్కువదేం కాదు, మాట కలిస్తే దాచుకోలేదు. తనది మొగుడికి రెండో పెళ్లని, మొదటావిడ కడుపునొప్పితో పోయిందని, ఆ మాటెత్తితే ఆయన కంచం ముందు నుంచైనా లేచిపోతాడని చెప్పేసింది.

ఈవేళ ఆవిడ మరీ హద్దు దాటింది.

“ముఖం పాలిపోయిందేం తల్లీ? నెల తప్పిందా?”

చిట్టికి ఒళ్లు మండింది. అయినా కస్టమరాయె. గొంతు తగ్గించింది.

“మేం జాగ్రత్తగానే ఉంటున్నామండీ. అయినా అనుమానమొచ్చి కిట్ తెచ్చి చూసుకున్నా. ఒక్క గీతే వచ్చింది.”

“ఎప్పుడు చూసుకున్నావు?”

“పోయిన వారం.”

“అప్పటికి డేటు దాటిందా?”

“లేదు. ఆగలేక చూసేశా.”

“అయితే అది లెక్కలోకి రాదమ్మా. డేటు దాటకముందు చూస్తే కడుపున్నా ఒక్క గీతే రావచ్చు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి నిలుస్తుంది. రేపు పొద్దున లేవగానే మళ్లీ చూసుకో. అప్పుడూ ఒక్క గీతే వచ్చి, నెలసరి మాత్రం రాకపోతే, వారం ఆగి ఇంకోసారి చూడు.”

“సరేలెండి.”

“ఇంకో మాట. పొత్తికడుపులో ఒక పక్కే నొప్పొచ్చినా, కొంచెం కొంచెం రక్తం కనపడినా, కళ్లు తిరిగినా, ఊరికే భుజం పీకినా ఇంట్లో పడుకోకు. ఎవరు గ్యాస్ అన్నా వినకు. పిండం గర్భసంచిలో కాకుండా పక్కనున్న గొట్టంలో నిలిస్తే, అది పగిలి ప్రాణం తీస్తుంది.”

చిట్టి కత్తెర బల్ల మీద పడేసింది.

“ఆపండింక! పొద్దున్నే చావు మాటలేంటి? అసలు మీరెవరండీ నాకు చెప్పడానికి?”

“ఎవరో తెలిస్తే అసలే వినవు.”

ఆవిడ చిట్టి చెయ్యి పట్టుకుంది. చిట్టి విదిలించుకుంది. గొడవ విని పార్లర్ ఓనరమ్మ లోపల్నుంచి వచ్చేసింది.

“అమ్మా, మా పిల్లల్ని భయపెట్టకండి. ఇంక మా గుమ్మం తొక్కొద్దు.”

ఆవిడ సగం కత్తిరించిన తలతోనే లేచింది. తలుపు దగ్గర ఆగింది.

“రేపు పొద్దున్నే చూసుకో తల్లీ” అని వెళ్లిపోయింది.

“పీడా వదిలింది” అంది చిట్టి.

మర్నాడు చూసుకోలేదు. పంతం! ఆ మర్నాడూ చూసుకోలేదు.

ఆ పై రోజు పొద్దున, పనికి బయలుదేరుతుంటే పొత్తికడుపులో కుడి పక్క కత్తితో పొడిచినట్టు నొప్పి. మొగుడు పనిమీద పక్క ఊరు వెళ్లాడు. ఇంట్లో అత్తగారొక్కతే ఉంది.

“గ్యాసే. వేడినీళ్లు తాగి పడుకో” అంది అత్తగారు.

చిట్టి పడుకుంది. కాసేపటికి భుజం పీకడం మొదలైంది.

ఎవరు గ్యాస్ అన్నా వినకు.

గోడ పట్టుకుని లేచింది. బాత్రూంలో ఇంకో కిట్ మిగిలి ఉంది. చూసుకుంది.

రెండు గీతలు!

అత్తగారు వద్దంటున్నా పక్కింటివాళ్లని కేకేసి వాళ్ల కారెక్కింది. ఆస్పత్రి మెట్ల మీదే స్పృహ తప్పింది.

ఆపరేషనయ్యాక డాక్టరమ్మ మంచం పక్కన నిలబడింది.

“లోపల గొట్టం పగిలిపోయిందమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేదానివి కాదు. ఇంత నొప్పిలో పడుకోకుండా రమ్మని నీకెవరు చెప్పారు?”

చిట్టికి ఏడుపు ఆగలేదు. పార్లర్‌కి ఫోన్ చేయించింది, ఆవిడ వస్తే కాళ్లు పట్టుకునైనా కూర్చోబెట్టమని. ఆవిడ రాలేదు. ఆవిడ ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. పేరైనా ఎవరూ అడగలేదు, బెత్తెడమ్మ అని నవ్వుకున్నారంతే.

కబురంది ఊరి నుంచి వచ్చిన మొగుడు నారింజ తొనలు ఒలుస్తూ ఇదంతా విన్నాడు.

“ఎలా ఉంటుందావిడ?”

“ఇప్పుడు చెవుల దాకే జుట్టు. నేనే కత్తిరించా, పాపిష్టిదాన్ని. మొదట్లో మోకాళ్లు దాటి జడ, చివర ఎర్ర రిబ్బను...”

ఆయన చేతిలో తొన కింద పడింది.

“అప్పుడూ మా అమ్మ గ్యాసే అంది. నేనూ నమ్మాను” అన్నాడు.

“ఎప్పుడు?”

ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు.

“చిన్నప్పుడు తన రిబ్బను తీసి ఆ జడకి కట్టి, దాన్ని పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదట, నా మొదటి భార్య... అది వాళ్లమ్మ జడ.”