నోటి కొలత

"గొట్టం సైజు తప్పితే ఇంజను మండి నా కొడుకు మీద పడతదేమో నాయనా! జర మంచిగ చూసి ఇయ్యి," అంది అనంతమ్మ, భుజం మీది సంచి ఇంకా దించకుండానే.

జహీరాబాద్ బస్టాండు ఎదుట చెన్నబసప్ప పైపుల దుకాణం అది. మొగుడంపల్లిలో ఆమె అల్లం చేను ఎండుతోంది. బోరు బండి సగం తవ్వి ఆగిపోయింది. ఇంజను మీది టర్బోకు ఆయిలు పోయే గొట్టం పగిలింది. మధ్యాహ్నంలోగా కొత్తది రాకపోతే బండిని వేరే ఊరికి తోలుకుపోతామన్నారు బోరువాళ్లు. వాళ్లు కదలకుండా కొడుకు సదాశివ బండి ముందు మంచం వేసుకుని పడుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు అవ్వా. పాతది తియ్యి," అన్నాడు చెన్నబసప్ప.

అనంతమ్మ సంచిలో చెయ్యి పెట్టి, తగిలిన నల్లటి గొట్టం లాగి ఇచ్చింది. "జల్ది కానియ్యి. పశువుల దవాఖానకు గూడ పోవాలె. మా బర్రెకు రెండు దినాల సంది పేడ పడలే. రాత్రి డాక్టరు సారొచ్చి మందు ఎక్కించిండు. ఆయన మర్చిపోయిన సామాను వాపస్ ఇయ్యాలె. బర్రెకేమైతదో ఏమో!"

గొట్టాలు కొలిచే వర్నియర్ దేవుడి పటం కింద ఉంది. దసరాకు పెట్టిన బొట్టు చెరుగుతుందని చెన్నబసప్ప దాన్ని ముట్టడు. "మాణిక్ భాయ్!" అని కేకేశాడు.

మాణిక్ పేరుమోసిన మేస్త్రీ. స్కేలు పట్టడం తన విద్యకు అవమానం. గొట్టం కొస వాసన చూశాడు.

"టర్బోదే. కాలిన ఆయిలు వాసన తెలుస్తలేదా?"

కొస నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊదాడు. తిప్పి రెండో కొసా ఊదాడు.

"లోపలి సైజు మూడు సూతులు. రాస్కో."

"కొసలకు నట్లుండాలె గద?" చెన్నబసప్ప నసిగాడు.

"వేడికి ఊడినయ్. నా నాలుక కంటె నట్టు ఎక్కువ చెప్తదా?" మాణిక్ మళ్లీ చప్పరించాడు. "పక్కా. జర ఉప్పగున్నది. ఆయిలు మార్చక ఎన్నేండ్లయిందో!"

నట్ల మాట వినగానే అనంతమ్మకు కొడుకు మాట గుర్తొచ్చింది. ఇత్తడి నట్లు పైలమని కొడుకు పదే పదే చెప్పి పంపాడు. సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చింది. చల్లగా ఏదో తగిలింది. సంచిలోకి తొంగి చూసి, మాణిక్ నోటి వైపు చూసింది.

"ఏంది అవ్వా, అట్ల చూస్తున్నవ్? నా కొలత మీద నమ్మకం లేదా? ఇంకోసారి చూడమంటవా?" మాణిక్ గొట్టాన్ని మళ్లీ పెదాల దగ్గరికి తెచ్చాడు.

కొత్త గొట్టం కోయబోతున్న చెన్నబసప్ప ఆమెను చూసి ఆగాడు.

అనంతమ్మ సంచిలోంచి రెండు వైపులా ఇత్తడి నట్లున్న గొట్టం తీసి గల్లా మీద పెట్టింది.

"ఇప్పుడు నాకు నీ ఫికర్ పట్టుకున్నది నాయనా. టర్బోది ఇది. నీ నోట్లున్న దానితోనే రాత్రి డాక్టరు సారు మా బర్రెకు ఎనకనుంచి మందెక్కించిండు!"