ముందు మనిషి, తర్వాత బండి

"ఆ చెప్పులేంటయ్యా? మోటారుసైకిలు ఎక్కుతున్నావా, పెళ్ళిలో పంక్తి భోజనానికి కూర్చుంటున్నావా?"

వీర్రాజు గొంతు సగం పటేల్‌గూడకి వినపడింది. మిగతా సగానికి అతని రాజ్‌దూత్ ఎలాగూ వినపడుతుంది.

కిషన్‌రావు తన చెప్పులకేసి చూసుకున్నాడు. "బూట్లు సందుగ పెట్టెల ఉన్నయి సార్. తెస్త."

"తెచ్చుకో. ఆ పైజామా కూడా మార్చు. చెయిన్లో పడిందంటే నువ్వో పక్క, అదో పక్క. ముందు మనిషి తయారవ్వాలి, తర్వాతే బండి. బుర్రకెక్కిందా?"

ఎక్కినట్టు లేదు. ఎక్కుతుందన్న ఆశ వీర్రాజుకీ లేదు.

కిషన్‌రావు ఈమధ్యే పక్కవాటాలో కిరాయికి దిగాడు. ఎక్కడో ఆదిలాబాదు అవతల నుంచి బదిలీ మీద వచ్చాడు. ఏం ఉద్యోగమయ్యా అని అడిగితే, "సర్కారుదే సార్. బండ్లు సూసుడు" అన్నాడు. వీర్రాజుకి నవ్వాగలేదు. ధాన్యం గంజులోకి వచ్చే ఎడ్లబండ్లు లెక్కపెట్టే మహానుభావుడన్నమాట! అలాంటివాడికి ఉన్నట్టుండి మోటారుసైకిలు నేర్వాలని పుట్టింది.

"సోమవారం మైదానంల మంది ముందట నడిపి సూపియ్యాలె సార్. రాకుంటే ఇజ్జత్ పోతది" అని బతిమాలాడు.

సోమవారం, మైదానం అంటే లైసెన్సు పరీక్షే. వీర్రాజు కూడా వెళ్ళక తప్పదు. బండి కొన్నప్పటి నుంచి లైసెన్సు లేకుండానే తిరిగాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ ఆఫీసరొకడు దాపురించాడు. లైసెన్సు చూపిస్తేనే బండి లోపలికట. ఈ సోమవారం లైసెన్సు చేతికి రాకపోతే మంగళవారం నుంచి నడకే. ఇన్నాళ్ళూ తను హారన్ కొట్టి పక్కకి తప్పించిన జనమంతా చూస్తుండగా, టిఫిన్ క్యారియరు ఊపుకుంటూ, గేటు నుంచి షెడ్డు దాకా నడక!

అయినా తనకేం భయం? భయపడాల్సింది ఈ బండ్ల లెక్కల మనిషి.

"టైర్లో గాలి చూడు."

కిషన్‌రావు వంగి టైరుకేసి చూశాడు.

"కళ్ళతో కాదయ్యా! గాలి కంటికి కనపడుతుందా? వేలితో నొక్కి చూడు. ఆ... చెయిన్ వదులుందా? బ్రేకు తొక్కు. హారన్ కొట్టు. పెట్రోల్లో ఆయిలు కలిపారా?"

"మీ బండి గద సార్, మీకే ఎరుక."

"పని రాదు గానీ సమాధానాలు మాత్రం వచ్చు!"

వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నాగరత్నం తలెత్తకుండానే అంది. "ఏవండీ, ఇంతసేపట్లో పటాన్‌చెరు పోయి కూరలు తెచ్చుండేవారు."

"నీకేం తెలుసే? సేఫ్టీ అంటే తమాషానా?"

సేఫ్టీ కోసమే వీర్రాజు ఫ్యాక్టరీ పసుపుపచ్చ టోపీ తెచ్చి శిష్యుడి నెత్తిన బోర్లించాడు. వెల్డింగు చేసేవాళ్ళ నల్లద్దాలు కళ్ళకి తగిలించాడు.

"అక్కా, గీ అద్దాలల్లకెల్లి ఏం కానొస్తలేదు!"

"మంచిదే తమ్ముడూ. ఆయన మొహం కనపడకపోతే సగం భయం పోతుంది."

అద్దాలు తీసేశాక బండి కదిలింది. కదలడమంటే కదలడం కాదు, ఎగిరింది. ఇంద్రేశం దారిలో మేకలు చెల్లాచెదరయ్యాయి. చివరికి జొన్నచొప్ప కుప్పలోకి దూరి ఆగింది.

వీర్రాజు పరుగున వెళ్ళాడు. "దెబ్బ తగిలిందా?"

"లేదు సార్."

"నిన్ను కాదయ్యా, బండికి!"

ఆ వారమంతా సాయంత్రాలు అదే తంతు. "గేరు మార్చమంటే గొడ్డుకి మేత వేసినట్టు కాలు ఊపుతావేంటి?" "చెయ్యి చాపితే మలుపు తిరుగుతున్నావని తెలియాలి. అప్పడాలు అడుగుతున్నట్టుంది." కిషన్‌రావు అన్నింటికీ "గట్లనే సార్" అనేవాడు. ఏమన్నా పడేవాడు. అప్పుడప్పుడు బండి మీది నుంచి కూడా పడేవాడు.

ఆదివారం నాటికి కిందపడకుండా ఓ చుట్టు తిరిగాడు. బండ్లు లెక్కపెట్టే బుర్రకి అంతకంటే ఎక్కదని వీర్రాజు తేల్చేశాడు.

"రేపు వణికిపోకు. పరీక్ష పెట్టే ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లకి బండెక్కడం వస్తే కదా, మనల్ని దింపడానికి! నా వెనకే వరసలో నిలబడు. నేను చేసింది చూసి చెయ్యి."

"మీ ఎనుక ఎట్ల నిలబడ్త సార్? మీ ముందటనే ఉంట."

"అబ్బో! విన్నావుటే? అప్పుడే గురువుని మించిపోయాడు!"

"పోనివ్వండి" అంది నాగరత్నం. "గోతులు ఎక్కడున్నాయో ముందు పోయేవాడే చెబుతాడు."

కిషన్‌రావు రెండు చేతులూ జోడించాడు. "మీరు చెప్పిందంత యాదికుంటది సార్. ఒక్క మాట గూడ మర్వ."

"మర్చిపోతావు. పొద్దున్నే లేచి గాలి కళ్ళతో చూస్తావు. పో, పడుకో."

సోమవారం పొద్దున మైదానంలో, ఇస్త్రీ ప్యాంటూ మెరిసే బూట్లూ వేసుకుని వరసలో అందరికంటే ముందు నిలబడ్డ వీర్రాజు చేతిలోని కాగితాల కోసం చెయ్యి చాచాడు, కుర్చీలో కూర్చున్న కొత్త బ్రేక్ ఇన్‌స్పెక్టరు కిషన్‌రావు.