ఎర్రగుడ్డ అవతలి మడుగు

“వల ఆపు! ఈ మడుగుల ఎయ్యొద్దు.”

నడుములోతు నీళ్లలో పెంటయ్య చేయి గాల్లోనే ఆగిపోయింది.

ఆ రోజు మృగశిర కార్తె, ఊరి మాటలో మిరుగం. ఊరికి ఊరంతా చెరువుగట్టు మీదే ఉంది. చేప ముక్క ఉడకని ఇల్లు ఆ రోజు ఇల్లే కాదు. బెస్తల పెద్దగా తొలి వల పెంటయ్యే వేయాలి.

అడ్డం వచ్చినవాడు ఊరివాడు కాదు. ఒంటి మీద ఖాకీ చొక్కా. చెరువు మూలనున్న ఆ మడుగు చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టాడు.

“ఎవలయ్య నువ్వు? మా చెరువుల మాకే అడ్డమా?”

“తల్లి కొర్రమట్ట చేపలు పిల్లల మీదున్నయన్నా. ఇయ్యాల పడ్తే పిల్లలు ఆగమైతయి. మిగిలిన చెరువంత మీదే.”

“మిగిలిన చెరువుల ఏమున్నది, నాచు తప్ప?”

పెంటయ్య భార్య దేవమ్మ గట్టు మీది నుంచి కేకేసింది.

“అంగి సూస్తలేవా? సర్కారోడు! కేసు పెడ్తడు, జల్దీ రా!”

సర్కారంటే పెంటయ్యకు లోపల దడ. పైకి మాత్రం మీసం మెలేశాడు.

ఈ గొడవలో వల చిక్కుపడింది. ఖాకీ చొక్కా మనిషి దాన్ని అందుకుని, చిటికెలో చిక్కు విప్పి, మడతపెట్టి ఇచ్చాడు. కోపం మీదున్న పెంటయ్య అదేమీ పట్టించుకోలేదు.

దొరికిన నాలుగు చేపలే పంచుకున్నారు. మృగశిర నాడు గట్టు మీద నిలబడ్డవాడు దారిన పోయేవాడైనా సరే, వాటా ఇవ్వకుండా పంపే ఊరు కాదది.

“ఆయనకో?” అంది దేవమ్మ.

“సర్కారు జీతమిస్తలేదా? గదే వండుకోని తింటడు!” అన్నాడు పెంటయ్య, వినబడేలా.

అతను నవ్వి ఊరుకున్నాడు.

చలికాలం దాకా మడుగు దగ్గరే కనబడ్డాడు. తర్వాత రాలేదు. అయినా కర్రలు పీకే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కేసంటే భయం మరి.

మళ్లీ మృగశిర వచ్చింది.

ఎర్రగుడ్డలకు ఇవతలే వేసిన తొలి వల, గుంజితే రాలేదు!

“పట్టుండ్రి! ఇంకిద్దరు రాండ్రి!”

కొర్రమట్టలు! మోచేతంత పొడుగువి! ఎక్కడ వల వేస్తే అక్కడే! డప్పు మోగింది. ముసలివాళ్లు కూడా పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దూకారు. పెంటయ్య ఆనందం పట్టలేక నీళ్లలోనే గంతులేశాడు.

“ఆయన జెప్పిందే నిజమాయె దేవమ్మా! తొలి వాటా ఆయనదే. యాడున్నా తోల్కరాండ్రి!”

అన్నింట్లోకి పెద్ద చేపను ఏరి పక్కన పెట్టాడు.

గట్టు చివర ఒక బక్కపల్చటి ఆడమనిషి నీళ్లనే చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది.

“ఎవలమ్మా? గట్టు మీదున్నవు, నీకూ వాటా ఉన్నది.”

“వాటాకు రాలేదయ్యా. మిరుగం నాడు పొయ్యి చేపల్ని ఒక్కపారి సూసి రమ్మన్నడు మా ఆయన, పాణం పోయేముందు. ఖాకీ అంగి ఏస్కోని ఈడనే కూసునేటోడు.”

పెంటయ్య ఆమె దగ్గరికి నడిచాడు.

“అయ్యో... గా సర్కారాయన పోయిండా?”

“సర్కారోడెక్కడయ్యా? మీరు భయపడాల్నని మా ఊరి కంపెనీ వాచ్‌మన్ దగ్గర అడిగి తెచ్చుకున్న అంగి అది. ఆయన మీ లెక్కనే బెస్తోడు. కంపెనీ ఇసపు నీళ్లకు మా చెరువు సచ్చేటప్పుడు, మిగిలిన తల్లి చేపల్ని బిందెలల్ల ఏసి, సైకిల్ మీద మోసుకొచ్చి మీ మడుగుల ఇడ్సిండు.”