మూడు కోట్ల పడవ

పడవ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చిన ఓదెలు నుదుటికి రాయి తగిలింది. రక్తం కంట్లోకి కారింది. విసిరింది సొంత బావమరిది రాఘవేందర్.

"జరుగు బావా! ఇయ్యాల దీన్ని తగలబెడ్తం." అతని వెనక పదిమంది. చేతుల్లో గొడ్డళ్లు, పెట్రోలు డబ్బా.

శామీర్‌పేట చెరువు గట్టున ట్రాక్టరు ట్రాలీ మీద ఉందా పడవ. తెల్లగా, పైన డెక్కు, లోపల ఏసీ గది. రెండు నెలల కిందట చేపలు పడుతున్న సుక్కమ్మ తెప్పని గుద్దింది ఇదే. శవం కూడా పూర్తిగా దొరకలేదు. సుక్కమ్మ రాఘవేందర్‌కి అక్క, ఓదెలుకి పెళ్లాం. పడవ యజమాని హేమచంద్ ఆమె ప్రాణానికి రెండు లక్షలిచ్చాడు. గీతలు పడ్డ పడవకి ఆరు లక్షలు పెట్టి రంగు వేయించాడు. కేసు గాలికి పోయింది.

దినాలైన మర్నాడే ఓదెలు వెళ్లి ఆ పడవకే కాపలాగా చేరాడు. ఛీ, ఏం మనిషో! అప్పట్నుంచి ఊళ్లో ఎవరూ అతని మొహం చూడటం లేదు.

"అక్కను చంపిన పడవకు కాపలా కుక్కవైనవ్. థూ!" రాఘవేందర్ ఉమ్మేశాడు.

ఓదెలు ఎడమ పిడికిలి బిగించుకుని, కుడిచేత్తో తెడ్డు తిప్పాడు. రాఘవేందర్ మోచెయ్యి ఫట్టుమంది. డబ్బా ఎగిరి చెరువులో పడింది. అంతే, అందరూ మీదపడ్డారు. గొడ్డలి కామతో పక్కటెముకలు విరగ్గొట్టారు. ఒకడు ఎడమచేతిని చెప్పుకాలితో నలిపాడు. వేళ్లు చితికాయి గానీ పిడికిలి విచ్చుకోలేదు.

"ఏందిరా ఆ పిడికిట్ల? సేటిచ్చిన పైసలా?"

అప్పుడే హేమచంద్, అతని స్నేహితుల కార్లు వచ్చాయి. బౌన్సర్లు దిగి, కర్రలు విరిగేదాకా కొట్టి అందర్నీ తరిమారు.

"అక్క ఉసురు తగుల్తది బావా!" రాఘవేందర్ ఏడుస్తూనే పోయాడు.

హేమచంద్ ఓదెలు భుజం తట్టాడు. "శభాష్! నాకోసం సొంతవాళ్లనే కొట్టావు. పడవంతా చూశావా?"

"అంత చూసిన సార్."

"అయితే అందరం ఎక్కేద్దాం!"

"వద్దు సార్. మనిషిని మింగిన పడవ మళ్ల నీళ్లల్ల దిగుతాంది. ముందుగాల యజమాని ఒక్కడే నడిమిట్లకు పోయి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాలె. గప్పుడే పీడ పోతది. మా పద్ధతి గిది."

హేమచంద్‌కి ఇలాంటి భయాలు జాస్తి. వేళ్లకి ఏడు ఉంగరాలు. స్నేహితుల్ని గట్టునే ఆపి ఒక్కడే ఎక్కాడు.

"నీకు ఈత రాదు కదరా, లైఫ్ జాకెట్టు వేసుకో" అన్నాడొక స్నేహితుడు.

"మూడు కోట్లు పెట్టింది జాకెట్టు వేసుకోడానికా?"

ట్రాక్టరు వెనక్కి నడిచింది. పడవ నీళ్లలోకి జారి, గర్జిస్తూ చెరువు నడిమికి దూసుకుపోయింది. హేమచంద్ కొబ్బరికాయ పైకెత్తి ఫొటోల కోసం చెయ్యి ఊపాడు.

ఓదెలు గట్టున కూలబడి, చితికిన ఎడమచేతి వేళ్లని ఒక్కొక్కటే విప్పుకున్నాడు. నెత్తుటి అరచేతిలో, పడవ అడుగున నీళ్లు రాకుండా బిగించాల్సిన ఇత్తడి బిరడా ఉంది.