ఆదివారం చప్పుడు

జర్మనీలోని బాంబెర్గ్ పాతబస్తీలో ఉన్న ఒస్వాల్ట్ వెండి దుకాణాన్ని ఆదివారం మధ్యాహ్నం దోచుకోవాలని హెన్నింగ్ నిర్ణయించుకున్నాడు. చీకట్లో గోడలు దూకడం చేతకాని వాళ్ల పని అని అతని అభిప్రాయం. పట్టపగలు, పనివాడి నీలం దుస్తుల్లో, దర్జాగా లోపలికి వెళ్లాలి. ఈ ఊరివాళ్లు దుస్తులు చూసి నమ్మేసే రకం.

ఆ ఊరివాళ్లంటే అతనికి మహా చులకన. శనివారం టూరిస్టుల గుంపులో కలిసి తిరుగుతూ వాళ్లను తీరిగ్గా గమనించాడు. కనుచూపు మేరలో ఒక్క బండి లేకపోయినా ఎర్రలైటు ముందు బొమ్మల్లా నిలబడతారు. ఎవడైనా ఖాళీ సీసాను తప్పు చెత్తడబ్బాలో వేస్తే, ముక్కూమొహం తెలియకపోయినా ఆపి క్లాసు పీకుతారు.

టూరిస్టులు అంతకన్నా ఘనులు. నది మధ్యలో ఉన్న పాత టౌన్ హాలును ఫోన్లలోనే చూసి, తర్వాత ఒస్వాల్ట్ దుకాణం మీద పడి, ఎక్కడైనా దొరికే చెంచాలను ఈ ఊరి గుర్తుగా కొనుక్కున్నారు. హెన్నింగ్ కూడా ఒకటి కొన్నాడు. ఎవరో డబ్బున్న జంటకు చూపించడానికి ఒస్వాల్ట్ వెనకగదిలో ఇనప్పెట్టె తెరిచినప్పుడు, అందులోని పాత చర్చి పాత్రలను వాళ్ల భుజాల మీదుగా చూశాడు. ఆ గదికి మెట్లవైపు ఇంకో తలుపు ఉంది. దాని తాళం చూస్తే నవ్వొచ్చింది. ఆదివారం తాను కూతురి ఊళ్లో ఉంటానని కూడా ఒస్వాల్టే ఆ జంటతో అంటుంటే విన్నాడు.

ఆ పెట్టె చేతికొస్తే హెన్నింగ్ ఇక జన్మలో దొంగతనం చేయనక్కర్లేదు. దొరికిపోతే మాత్రం, ఇదివరకే రెండుసార్లు జైలుకెళ్లొచ్చినవాడు గనక, ముసలాడయ్యేదాకా బయటి గాలి పీల్చలేడు.

ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. టూరిస్టులు అద్దాలకు ముక్కులు ఆనించి గొణుక్కుంటున్నారు. హెన్నింగ్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని వాళ్ల మధ్యలోంచే నడిచాడు. ఒక్కడూ తలతిప్పి చూడలేదు. వెనక తాళం తీసి, పెట్టె ముందు కూర్చుని, డ్రిల్లు ఆన్ చేశాడు.

అది అలా మొదలైందో లేదో, తలుపు దడాలున తెరుచుకుంది. అరవై దాటిన ఆడమనిషి. ఇంటి చెప్పులు, నడుముకు ఏప్రను, జుట్టునిండా ఉంగరాలు తిప్పే రోలర్లు, చేతిలో చీపురు.

"ఏమయ్యా, ఇవాళ ఏం వారం?"

హెన్నింగ్ డ్రిల్లు ఆపేశాడు. "ఆదివారం అమ్మగారూ."

"తెలిసే చేస్తున్నావా? ఆదివారం చప్పుడు చేయకూడదని చట్టం ఉండగా ఆ డ్రిల్లు గోల ఏమిటి? పైన మనుషులున్నారని లేదూ?"

"పెట్టె బిగుసుకుపోయిందండీ. ఒస్వాల్ట్‌గారే పంపించారు."

"ఆయనకూ బుద్ధి లేదు, నీకూ లేదు. మీ అమ్మ నీకు ఆదివారమంటే ఏమిటో చెప్పలేదా?"

"ఐదంటే ఐదు నిమిషాలు..."

"ఐదు నిమిషాలట! పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్లొచ్చి చెబుతారు ఐదు నిమిషాలంటే ఎంతో. చెయ్యనా?"

"వద్దండీ, వద్దు!"

"అయితే రేపు ఏడింటికి రా. ఏడు తర్వాత కొంపలు కూలగొట్టుకో, నేను కిక్కురుమనను."

హెన్నింగ్ బుర్ర చకచకా పనిచేసింది. సోమవారం దుకాణం తెరిచేది పదింటికి. ఏడింటికి వస్తే కావలసినంత సమయం. పైగా తను పనివాడినని చెప్పడానికి ఈ పిచ్చిది ఉండనే ఉంది. ముసల్దాని దృష్టిలో వెండి పోతే నేరం కాదు, నిద్ర చెడితే నేరం!

అతను డ్రిల్లు సర్దబోతుంటే ఆవిడ మళ్లీ అందుకుంది.

"ఆ సంచి మోసుకుంటూ మళ్లీ వీధిన పడతావా? ఆదివారం పనిచేయిస్తున్నామని ఇరుగుపొరుగు మమ్మల్ని తిడతారు. ఇక్కడే పడెయ్. నీ ఇనపముక్కలు ఎవడికి కావాలి?" అని చీపురు అతని చేతిలో పెట్టింది. "ఈ పొడంతా మీ తాత ఊడుస్తాడా?"

హెన్నింగ్ వంగి శుభ్రంగా ఊడ్చాడు. కాళ్లు తుడుచుకోమంటే తుడుచుకున్నాడు. తలుపు మెల్లగా వేయమంటే మెల్లగా వేశాడు.

ఆ సాయంత్రం, ఆ ఊళ్లో పేరుమోసిన పొగవాసన బీరు తాగుతూ ఆవిడను తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాడు. ఇలాంటి గాడిదలుండగా దొంగలకు కరువేమిటి అనుకున్నాడు. సందు చివర ఎర్రలైటు పడితే, వీధి ఖాళీగా ఉన్నా, తను కూడా ఆగాడు. ఆ సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

సోమవారం సరిగ్గా ఏడింటికి వెనక తలుపు తోసుకుని, "వచ్చేశా అమ్మగారూ! ఇక ఎంత మోతైనా చేసుకోవచ్చుగా!" అని కేకేశాడు.

లోపల ఒస్వాల్ట్ తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఇద్దరు పోలీసులు. పెట్టె తెరిచి ఉంది, అందులో ఏమీ లేదు. దాని తలుపులో హెన్నింగ్ డ్రిల్లు ఇరుక్కుని ఉంది.

"నిన్న సాయంత్రం డ్రిల్లు మోతని ఎదురింటివాళ్లు ఫిర్యాదు చేశారు," అన్నాడు పెద్ద పోలీసు, అతని నీలం దుస్తులను ఎగాదిగా చూస్తూ. "ఈ పనిముట్లు నీవేనా?"

"నావే, కానీ నేను వెళ్లేటప్పటికి పెట్టె మూసే ఉంది!" హెన్నింగ్ పైకప్పు వైపు వేలు చూపించాడు. "కావాలంటే పై వాటాలో ఉండే ఆవిడను అడగండి. ఆదివారం పని చేయకూడదని చీవాట్లు పెట్టి నన్ను పంపించేసిందే ఆవిడ!"

ఒస్వాల్ట్ తలెత్తి అతన్ని వింతగా చూశాడు.

"పై వాటాలో ఎవరయ్యా? అద్దెకు మనిషి దొరక్క రెండేళ్లుగా దానికి తాళం వేసి ఉంచితేనూ!"