ఆడకొంగకు రెండు గీతలు

అమెరికా వచ్చిన నెల తిరక్కుండానే అనంతలక్ష్మికి కొంగల్లో ఆడా మగా పోల్చుకోవడం వచ్చేసింది.

కోడలు స్రవంతి టెక్సాస్‌లో ఫ్రిస్కోకి గంట దూరంలో ఉన్న కొంగల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. అంతరించిపోతున్న జాతి. పైకి చూస్తే ఆడా మగా ఒకేలా ఉంటాయి. తెలియక రెండు మగవాటిని ఒకే కంచెలో పెడితే పొడుచుకు చస్తాయి. అందుకని పిల్లలుగా ఉన్నప్పుడే ఓ చుక్క రక్తం తీసి డీఎన్‌ఏ టెస్ట్ చేస్తారు. ఫలితం ఫొటోలో తెల్లటి గీతలుగా పడుతుంది. ఒక్క గీతయితే మగకొంగ. రెండయితే ఆడకొంగ.

ఇంట్లో ఒక్కతే తోచక, అత్తగారు అప్పుడప్పుడూ కోడలి కార్లో ల్యాబ్‌కి వెళ్ళి కూర్చునేది. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషికి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది? ఫొటో చేతికొస్తే చాలు, కళ్ళజోడు సవరించుకుని తీర్పు చెప్పేసేది. ఒక్కటీ తప్పేది కాదు. ఆడకొంగ అని తేలినప్పుడల్లా ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టడం మాత్రం ఆవిడకి మింగుడు పడలేదు.

ఆ చప్పట్లు వినబడితే స్రవంతికి గుండెల్లో కలుక్కుమనేది. ఎనిమిదేళ్ళ కిందట గుంటూరులో ఓ స్కానింగ్ గదిలో ఆమెకీ ఇలాగే తీర్పు చెప్పారు. ఆడపిల్ల అన్నారు. అత్తగారే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మళ్ళీ పుట్టరా ఏంటి అంది. అప్పటికే న్యూజెర్సీలో ఉన్న ఆడపడుచు నళిని ఫోన్ చేసి, "ప్రాక్టికల్‌గా ఆలోచించు వదినా" అంది. మళ్ళీ పుట్టలేదు.

ఆ నళినే ఇప్పుడు న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో నుంచి దిగింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మూడోసారి నెల తప్పింది. ఆ సంగతి మొగుడు శశికాంత్‌కి ఇంకా చెప్పలేదు. మగపిల్లాడైతేనే చెబుతుందట. డాక్టర్ దగ్గర టెస్ట్ చేయిస్తే ఇన్సూరెన్స్ కాగితాలతో ఎలాగూ మొగుడికి తెలిసిపోతుంది. తెలిస్తే ఎవరైనా సరే ఉంచుకుందామంటాడు, మంచివాడు.

"నీ ల్యాబ్‌లో చూసిపెట్టవే అమ్మాయ్," అంది అనంతలక్ష్మి. "కొంగలకి చేసేదేగా. మూడోదీ ఆడపిల్లయితే మా వియ్యాలవారి ముందు తలెత్తుకోలేను."

కొడుకు ఫణికుమార్ చెవిన మాత్రం వేయొద్దంది. మగాళ్ళకెందుకు ఈ గొడవలంది.

చెంప పగలగొట్టాల్సిన మాట అది. స్రవంతి తల వంచుకుని సరేనంది. తెలిస్తే ఉద్యోగం ఊడే పని, అయినా సరేనంది. తను పడ్డది ఇంకొకరి కడుపుకి చేయడానికి ఒప్పుకుంది. ఛీ, ఏం మనిషి అనిపిస్తుంది ఎవరికైనా. తల్లి రక్తంలో కడుపులో బిడ్డ డీఎన్‌ఏ కూడా కాస్త కలిసి ఉంటుంది. తనే సూది గుచ్చి రక్తం తీసింది. కొంగపిల్లల దగ్గర అలవాటైన చెయ్యి, నళినికి నొప్పే తెలియలేదు.

రెండు రోజుల తర్వాత ఫొటో తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

"ఏమొచ్చింది వదినా?" అంది నళిని.

"అత్తయ్యకి చూడటం వచ్చుగా."

అనంతలక్ష్మి కళ్ళజోడు సవరించుకుంది. రెండు గీతలు. ఆవిడ మొహం మాడిపోయింది. ఇదీ ఆడదే అని ఫొటో బోర్లించేసింది.

"టెస్ట్‌లో ఏమైనా తప్పేమో. షూరేనా వదినా?"

"రెండుసార్లు చేశాను," అంది స్రవంతి. "రెండుసార్లూ రెండు గీతలే వచ్చాయి."

నళిని ఏడ్చింది. ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి, పోనీ ఉంచేసుకోనా అని వదినని అడిగింది కూడా. అంట్లు తోముతున్న స్రవంతి వెనక్కి తిరగలేదు. నీ ఇష్టం అంది. ఇంతలో తల్లి వచ్చి కూతుర్ని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. లోపల ఏం నూరిపోసిందో గాని, మర్నాడే నళిని తిరుగు ఫ్లైట్ బుక్ చేసుకుంది. చట్టం ఒప్పుకోక టెక్సాస్‌లో కుదరని పని న్యూజెర్సీలో కుదురుతుంది.

ఆ వారాంతంలో ఫోన్ వచ్చింది. అయిపోయిందని చెప్పింది నళిని. కడుపునొప్పి అంటే శశికాంత్ నమ్మేశాడట, పిల్లల్ని తనే పార్క్‌కి తీసుకెళ్ళాడట.

అనంతలక్ష్మి పీడ విరగడైందంటూ ఫోన్ పెట్టేసింది. దేవుడి గూటికి దణ్ణం పెట్టుకుని వచ్చి, ఎన్నడూ లేనిది కోడలి తల నిమిరింది.

"నువ్వు ఆ ల్యాబ్‌లో ఉండబట్టి గట్టెక్కామే. మళ్ళీ దానికి నెల తప్పితే నువ్వే చూసిపెట్టాలి."

స్రవంతి కాఫీ గ్లాసు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. మొదటి గుక్క తాగేదాకా ఆగింది.

"అలాగే అత్తయ్యా, కానీ వచ్చేసారికి గుర్తుపెట్టుకోండి, రెండు గీతలంటే ఆడది కొంగల్లోనే, మనుషుల్లో రెండు గీతలంటే మగపిల్లాడు."